తైవాన్‌కి మొదటిసారి వస్తున్నారా? గడియారం చూసుకొని తినండి

తైవాన్‌కి కొత్తగా వచ్చేవాళ్ళు చాలామంది ఫోనులో ఒక లిస్టు పట్టుకొని దిగుతారు. స్టింకీ టోఫు, బబుల్ టీ, బీఫ్ నూడుల్స్, ఫలానా నైట్ మార్కెట్‌లో ఫలానా కొట్టు... ఇలా పది పన్నెండు పేర్లుంటాయి. పేర్లన్నీ మంచివే గానీ, ఆ లిస్టు ప్రకారం తిరిగితే సగం చోట్ల షట్టర్ మూసి ఉంటుంది. ఇక్కడ ప్రతి తిండికీ ఒక వేళ ఉంది. పొద్దున అమ్మేది పదకొండు దాటితే దొరకదు. మధ్యాహ్నం కొట్లు రెండింటికి మూసి మళ్ళీ ఐదింటికి గానీ తెరవవు. నైట్ మార్కెట్‌కి నాలుగింటికే వెళితే బండ్లు సర్దుకోవడం చూసి రావాల్సిందే.

నేను సిన్‌చులో ఉద్యోగం చేస్తున్నాను. 1980లో పెట్టిన, చిప్ కంపెనీలుండే సైన్స్ పార్కు మా ఊళ్ళోనే ఉంది కాబట్టి మనవాళ్ళు ఎవరో ఒకరు కొత్తగా వస్తూనే ఉంటారు, వాళ్ళని చూడ్డానికి వాళ్ళ అమ్మానాన్నలూ వస్తారు. అందరికీ నేను ముందు చెప్పే మాటలు రెండే. వేళ చూసుకొని తినండి. ఏ ఒక్కచోటా కడుపు నింపేసుకోకండి. తైవాన్ వాళ్ళ అసలు తిండంతా చిన్న చిన్న గిన్నెల్లోనే ఉంటుంది. ఇద్దరు కలిసి ఒక గిన్నె తీసుకోండి, అయిపోయాక లేచి పక్క కొట్టుకి వెళ్ళండి. ఒక ప్లేటు ఇద్దరు పంచుకున్నారని ఎవరూ మొహం చిట్లించరు.

ముందు, తినేవీ తిననివీ

బీఫ్ తినని వాళ్ళకి ఇక్కడ పెద్ద ఇబ్బంది లేదు. వ్యవసాయం చేసుకున్న కుటుంబాల్లో పాత తరం వాళ్ళు చాలామంది, తమ పొలం దున్నిన పశువుని తినకూడదని బీఫ్ ముట్టరు. మీరు తిననంటే ఎందుకని కూడా అడగరు.

చిక్కంతా పంది మాంసంతోనే. అది కనపడే చోట కంటే కనపడని చోటే ఎక్కువ. ఉడికించిన ఆకుకూర ఒక ప్లేటు చెప్పారనుకోండి. పచ్చగా నిగనిగలాడుతూ వస్తుంది. ఆ నిగనిగ చాలా కొట్లలో పంది కొవ్వుది. కాదంటే పైన ఒక గరిటె మాంసం పులుసు పోసి ఇస్తారు. అన్నం మీద జల్లే వేయించిన చిన్న ఉల్లిపాయలు కూడా చాలాచోట్ల ఆ కొవ్వులో వేగినవే. నైట్ మార్కెట్‌లో నల్లటి పలకలాంటి ముక్కని పుల్లకి గుచ్చి, వేరుశనగ పొడిలో దొర్లించి, కొత్తిమీర జల్లి ఇస్తుంటారు. చూడ్డానికి మిఠాయిలా ఉంటుంది. అది పంది రక్తం, జిగురు బియ్యం కలిపి ఆవిరి మీద ఉడికించిన జూ షియె గావ్. తినేవాళ్ళకి బాగానే ఉంటుంది, తెలిసి తినండి అంతే.

"బూ యావ్ జూ రో" అంటే పంది మాంసం వద్దని. "బూ యావ్ జూ యో" అంటే ఆ కొవ్వు కూడా వద్దని. రెండూ చెప్పాలి. మీ ఉచ్చారణ వాళ్ళకి అర్థం కాకపోవచ్చు కాబట్టి ఫోనులో రాసిపెట్టుకోవడం మేలు. ట్రాన్స్‌లేషన్ యాప్‌లో ట్రెడిషనల్ చైనీస్ అని పెట్టుకోండి, ఇక్కడ వాడేది ఆ లిపే.

పొద్దున

హోటల్లో బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీ అయినా ఒక్కరోజు మానేయండి. వీధి చివర సోయా పాల కొట్టు ఒకటి ఉంటుంది, ఆరింటికే జనం ఉంటారు. వేడి సోయా పాలు, దో జ్యాంగ్, తియ్యగా ఒక గ్లాసు తీసుకోండి. దాంట్లో ముంచుకోవడానికి నూనెలో పొడుగ్గా వేగిన యో థియావ్ ఉంటుంది. ఇది నచ్చలేదన్నవాళ్ళు నాకింకా తగల్లేదు.

ఉప్పు దో జ్యాంగ్ వేరే సంగతి. గిన్నెలో అడుగున కొంచెం వెనిగర్, సోయా సాస్, ఎండు రొయ్యపొట్టు, ఊరబెట్టిన ముల్లంగి వేసి, పైనుంచి మరిగే సోయా పాలు పోస్తారు. వెనిగర్ తగలగానే పాలు మీ కళ్ళముందే విరుగుతాయి. పాలు విరిగితే పారబోయడం అలవాటైన మనకి మొదటి చెంచా నోట్లో పెట్టుకోవడం కష్టమే. నా మట్టుకు నాకు తైవాన్‌లో పొద్దుటి పూట ఇంతకంటే మంచి తిండి లేదు. కానీ మొదటి రోజు వద్దు, రెండో రోజో మూడో రోజో తినండి.

గుడ్డు వేసి చుట్టిన పల్చటి రొట్టె దాన్ బింగ్ కూడా పొద్దుటిదే. చుట్టి, ముక్కలుగా కోసి, చిక్కటి తియ్యటి సోయా సాస్ పోసి ఇస్తారు. ఉత్త గుడ్డుది తీసుకుంటే సాధారణంగా 30 నుంచి 50 తైవాన్ డాలర్లలో అయిపోతుంది. పెద్దవాళ్ళు వెంట ఉంటే దీంతోనే మొదలుపెట్టించండి.

తైనాన్‌లో పొద్దుటి పూట లెక్కే వేరు. అక్కడ తెల్లవారక ముందే బీఫ్ సూప్ కొట్లు తెరుస్తారు. పచ్చి మాంసం పల్చటి పొరలుగా కోసి గిన్నెలో పెట్టి, మరిగే సూప్ పోస్తే ఆ వేడికే ఉడుకుతుంది. బీఫ్ తినని వాళ్ళకి మిల్క్‌ఫిష్ వేసిన గంజి ఉంది. ఈ చేపకి ముళ్ళు విపరీతం, కాబట్టి పొట్ట భాగం అడగండి. ముళ్ళు తీసే ఇస్తారు, మెత్తగా వెన్నలా ఉంటుంది.

మధ్యాహ్నం ఒక గిన్నె అన్నం

తైవాన్ అంటే ఏదో ఒక్క వంటకం చెప్పమంటే ఇక్కడివాళ్ళు ఎక్కువమంది లూ రో ఫాన్ అంటారు. పంది మాంసం, కొవ్వు, తోలుతో సహా సన్నగా తరిగి, సోయా సాస్, వేయించిన ఉల్లిపాయలు, మసాలా దినుసులతో గంటల తరబడి సన్న సెగ మీద మగ్గించి, వేడి అన్నం మీద చిన్న గరిటెడు వేస్తారు. గిన్నె చిన్నది, 35 నుంచి 60 డాలర్లు. దక్షిణాన ఇదే తరహా గిన్నెని రో జావ్ ఫాన్ అంటారు. పంది మాంసం తినే వాళ్ళయితే దిగిన మొదటి మధ్యాహ్నమే తినేయండి. పక్కన పులుసులో ఊరిన గుడ్డు ఒకటి చెప్పండి. కారం తక్కువని బ్యాగులోంచి ఆవకాయ సీసా తీయబోతారు మనవాళ్ళు. సీసా తెచ్చుకోండి, తప్పేం లేదు. మొదటి నాలుగు ముద్దలూ మాత్రం ఉన్నదున్నట్టు తినండి.

పంది వద్దనుకుంటే నేను తీసుకెళ్ళేది టర్కీ కోడి అన్నానికి, హువో జీ రో ఫాన్. చియాయి ఊరిది. ఉడికించిన టర్కీ మాంసాన్ని పీచులుగా తీసి అన్నం మీద పరిచి, దాని కొవ్వుతో చేసిన రసం, వేయించిన ఉల్లిపాయలు వేస్తారు. మసాలా ఏమీ ఉండదు గానీ వాసన నోరూరిస్తుంది. రైల్లో దక్షిణానికి వెళ్తూ చియాయిలో రెండు గంటలు ఆగినా చాలు. ఆ రసంలో కూడా కొన్ని కొట్లు పంది కొవ్వు కలుపుతాయి కాబట్టి పైన చెప్పిన రెండు వాక్యాలూ ఇక్కడా చెప్పండి.

బీఫ్ నూడుల్స్ గురించి నేను తిన్నవాళ్ళు చెప్పగా విన్నదే. 1949లో అంతర్యుద్ధంలో ఓడిన కొమింతాంగ్ పార్టీ సైన్యంతో పాటు చైనా నుంచి వచ్చిన సైనికుల కుటుంబాల్లో పుట్టిందంటారు. తైపే నగరం 2005 నుంచి దీని పేరుతో పోటీలు, పండగ కూడా పెడుతోంది. ఎర్రటి పులుసుది, తేటది అని రెండు రకాలు. మొదటిసారికి ఎర్రటిదే తినమని మా ఆఫీసులో వాళ్ళ సలహా. అన్నం గిన్నెలతో పోలిస్తే ఖరీదు, మామూలు కొట్లో కూడా 150 దాటుతుంది.

షియావ్ లాంగ్ బావ్, అంటే లోపల మాంసం, వేడి రసం ఉండేలా పల్చటి పిండిలో చుట్టి ఆవిరి మీద ఉడికించిన ముద్దల కోసం, దిన్ థాయ్ ఫంగ్ రెస్టారెంట్ ముందు గంట సేపు నిలబడాలా అని అడుగుతారు. 1958లో వంటనూనె అమ్మే కొట్టుగా మొదలైన ఆ సంస్థ, ఒక్కో ముద్దకి 18 మడతలు పెట్టే పనితనంతో ప్రపంచమంతా పాకింది. బాగుంటుంది. కానీ ఆ వంటకం షాంఘై వైపు నుంచి వచ్చింది, పైగా ఉన్న మూడు నాలుగు రోజుల్లో గంట క్యూ అంటే రెండు గిన్నెలు పోయినట్టే. ఇక మీ ఇష్టం.

మా ఊరు సిన్‌చు

గైడ్లలో సిన్‌చుకి సాధారణంగా ఒక్క పేరా కూడా ఇవ్వరు, అందుకని నేను కాస్త ఎక్కువ రాస్తాను. తైపే నుంచి హైస్పీడ్ రైలు అరగంటే. కాకపోతే ఆ స్టేషన్ ఊరి బయట ఉంటుంది, లోకల్ రైలు మారాలి. పాత స్టేషన్లో దిగి నడిచి వెళ్తే నగర దేవుడి గుడి, ఛంగ్ హువాంగ్ గుడి వస్తుంది. 1748లో కట్టింది. గుడి చుట్టూ, ముందు వాకిలి నిండా తిండి కొట్లే. దండం పెట్టుకొని వెనక్కి తిరిగితే మొహం మీదికి ఆవిరి కొడుతుంది.

ఇక్కడ తినాల్సింది మీ ఫన్, అంటే బియ్యపు సేమియా. మా ఊళ్ళో శరత్కాలం నుంచి ఈశాన్య గాలి ఒకటి మొదలవుతుంది, గొడుగులు విరిగిపోయేంత గాలి. పిండి ఒత్తి తీసిన సేమియాని ఆ గాలికే వెదురు తడికల మీద ఆరబెట్టడం వల్ల సిన్‌చు సేమియాకి పేరొచ్చింది. కొట్లో దాన్ని పొడిగా, పైన కొంచెం మాంసం పులుసుతో ఇస్తారు. తోడుగా గోంగ్ వాన్ సూప్. మాంసాన్ని బాగా దంచి చేసిన ఉండలు, పంటి కింద రబ్బరులా సాగి ఎగురుతాయి. అవి పంది మాంసానివే. ఇంటికి సేమియా ప్యాకెట్లు కొనాలనుకుంటే లేబుల్ చూడండి. 2014 నుంచి నూటికి నూరు శాతం బియ్యంతో చేసినవాటికీ, మొక్కజొన్న పిండి లాంటివి కలిపినవాటికీ వేర్వేరు పేర్లు రాయాలని రూల్ పెట్టారు. కొట్టువాళ్ళనే బియ్యపు ప్యాకెట్ ఏదని అడిగితే చూపిస్తారు. ఉడకబెడితే తొందరగా ముక్కలయ్యేది అసలుది.

సిన్‌చు చుట్టుపక్కల పల్లెల్లో హక్కా జాతి వాళ్ళు ఎక్కువ. బేపూ అనే పాత ఊరికి బస్సులో వెళ్తే లే ఛా, అంటే నూరి చేసుకునే టీ, కొట్లుంటాయి. లోపల గీతలున్న మట్టి గిన్నె, ఒక చెక్క రోకలి మీ చేతికిచ్చి, టీ ఆకు, నువ్వులు, వేరుశనగ గింజలు వేసి నూరుకోమంటారు. పొడి అయ్యేదాకా సులువే. నూనె ఊరి ముద్దగా అయ్యేదాకా నూరాలి, అక్కడే చేతులు పడిపోతాయి. పిల్లలకి ఒక పావుగంట అప్పజెప్పి మీరు కూర్చోండి. తర్వాత వేడి నీళ్ళు పోసి, పేలాల్లాంటి బియ్యం వేసి ఇస్తారు.

శాకాహారులకి

మీరే అదృష్టవంతులు. తైవాన్‌లో బౌద్ధుల వల్ల శాకాహార హోటళ్ళు చిన్న ఊళ్ళో కూడా ఉంటాయి. బోర్డు మీద స్వస్తిక్ గుర్తు వెతకండి, బౌద్ధుల గుర్తే అది. "వో ఛ్ర్ సూ", నేను శాకాహారిని, అనే మాట ఒక్కటి కంఠతా పట్టండి. చాలా హోటళ్ళు బఫే పద్ధతిలో ఉంటాయి. అట్టపెట్టెలోనో ప్లేటులోనో కావాల్సినవి పెట్టుకుంటే తూకం వేసి డబ్బు తీసుకుంటారు. బంగాళాదుంప, గుమ్మడి ముక్కలు బరువు తూగుతాయి, ఆకుకూరలు తూగవు. నూరు డాలర్ల లోపల భోజనం అయిపోవాలంటే ఆ లెక్క చూసుకోండి.

రెండు సంగతులు తెలిసి ఉండాలి. మతం ప్రకారం తినే ఇక్కడి శాకాహారులు ఉల్లి, వెల్లుల్లి ముట్టరు, కాబట్టి ఆ రుచి ఉండదు. ప్యాకెట్ల మీద పూర్తి శాకం, గుడ్డు ఉన్నది, పాలు ఉన్నది, రెండూ ఉన్నది, ఉల్లి వెల్లుల్లి ఉన్నది అని ఐదు రకాలుగా రాయాలి. మన ఇంట్లో గుడ్డు తినని అత్తగార్లకి ఇంతకంటే సౌకర్యం ఏముంది? రెండోది, అచ్చం చేపలా, కోడిలా కనపడే ముక్కలు చూసి కంగారు పడొద్దు. సోయాతోనో గోధుమ గ్లూటెన్‌తోనో చేసినవి. చాంద్రమాన నెలలో 1, 15 తేదీల్లో మాంసం మానేసే వాళ్ళు ఎక్కువ కాబట్టి ఆ రెండు రోజులూ పన్నెండు కాకముందే వెళ్ళండి, తర్వాత గిన్నెలు ఖాళీ.

చీకటి పడ్డాక

తైపేలో ఒక్క నైట్ మార్కెట్‌కే టైముంటే రావ్‌హకి వెళ్ళండి. షీలిన్ పెద్దది, పేరున్నది, కానీ కాళ్ళు నొప్పి పుడతాయి. రావ్‌హ ఒకే తిన్నటి వీధి, తప్పిపోయే భయం లేదు. ఛీయో గుడి వైపు గేటు దగ్గరే మిరియాల బన్ను, హూ జ్యావ్ బింగ్, కొట్టు ముందు క్యూ ఉంటుంది. పిండిలో మిరియాలు దట్టించిన పంది మాంసం, పిడికెడు ఉల్లికాడలు కూరి, నువ్వులు అద్ది, తందూరీ పొయ్యి లాంటి లోతైన పొయ్యి గోడలకి లోపల అతికిస్తారు. మనిషి నడుం దాకా వంగి అతికిస్తుంటే చూడ్డమే ఒక సరదా. చేతికివ్వగానే కొరకొద్దు. లోపలి రసం నాలుక కాలుస్తుంది. ఒక మూల కొంచెం చించి ఆవిరి పోనివ్వండి.

చిలగడదుంప ఉండలు, దీ గ్వా ఛ్యో, శాకాహారులూ పిల్లలూ కూడా తినొచ్చు. దుంప, దాని పిండి కలిపిన చిన్న ఉండలు నూనెలో వేస్తారు. తేలగానే పెద్ద చిల్లుల గరిటెతో మూకుడు అంచుకేసి అదుముతారు, వదులుతారు, మళ్ళీ అదుముతారు. అదిమిన ప్రతిసారీ అణిగి, వదలగానే అంతకంటే పెద్దగా ఉబ్బుతాయి. చివరికి లోపలంతా బోలు, పైన కరకర, కొరికితే సాగుతుంది. చల్లారితే తోలే, కొన్నచోటే నిలబడి తినేయండి.

ఆయ్‌స్టర్ ఆమ్లెట్, ఓ ఆ చెన్, జిగురుగా ఉంటుంది. అది సరిగా వేగకపోవడం వల్ల అనుకుంటారు కొత్తవాళ్ళు. చిలగడదుంప పిండి పోస్తారు కాబట్టి అలాగే ఉండాలి. పైన పోసే ఎర్రటి సాస్ తియ్యగా ఉంటుంది, కారమనుకోకండి. కారం కావాలంటే వేయించిన చికెన్ ముక్కల బండి, యెన్ సూ జీ, దగ్గరికి వెళ్ళాలి. బుట్ట, పట్టకారు తీసుకొని చికెన్, బీన్స్, పుట్టగొడుగులు మీరే ఏరుకుంటారు. అన్నీ కోసి వేయించి, చివర్లో గుప్పెడు తులసి జాతి ఆకులు నూనెలో వేసి తీస్తారు. ఆకు నూనెలో పడ్డప్పుడు చిటపటమనే చప్పుడుకి పక్క వీధి వాళ్ళూ వస్తారు. కారం ఎంతని అడిగితే "దా లా", బాగా కారం, అనండి, మనకి సరిపోతుంది. అదే నూనెలో మాంసమూ వేగుతుంది, శాకాహారులు ఈ బండికి దూరం.

ఇక స్టింకీ టోఫు, ఛో దోఫూ, అంటే పులియబెట్టిన సోయా పనీర్. వీధి మలుపులోనే వాసన తెలుస్తుంది. మొదటిసారి వేయించినదే తినండి. పైన కరకరలాడుతుంది, పక్కన పుల్లటి తియ్యటి క్యాబేజీ ఊరగాయ ఇస్తారు, రెండూ కలిపి ఒకే ముద్దలో పెట్టుకోవాలి. వాసనలో సగం కూడా రుచిలో ఉండదు. ఆవిరి మీద ఉడికించినది మాత్రం అలవాటయ్యాకే. నిజంగా నచ్చితే తైపే పక్కన షన్‌ఖంగ్ పాత వీధికి వెళ్ళండి, ఊరు ఊరంతా టోఫుయే.

చలికాలం వచ్చేవాళ్ళకి ఒక మాట. నువ్వుల నూనె, అల్లంతో చేసే కోడి సూప్, మా యో జీ, ఇక్కడ బాలింతలకి పెడతారు. ఒళ్ళు వెచ్చబడుతుంది. అందులో బియ్యపు సారా బాగానే పోస్తారు, తాగని వాళ్ళు అడిగి తీసుకోండి.

తీపి, చల్లన

నమిలే సగ్గుబియ్యం లాంటి ఉండలు వేసిన పాల టీ, బబుల్ టీ, తైచుంగ్‌లో పుట్టిందా తైనాన్‌లో పుట్టిందా అని రెండు టీ కంపెనీలు ఏళ్ళ తరబడి కోర్టులో కొట్లాడుకుంటే, అది తేల్చాల్సిన పనే లేదని 2019లో తీర్పొచ్చింది. మీరు తేల్చుకోవాల్సింది చక్కెర. మామూలుది మనకి కూడా తీపెక్కువే, "బాన్ థాంగ్", సగం చక్కెర, అనండి.

నాకు దానికంటే ఐయూ ఇష్టం. ఒకరకం అత్తి జాతి కాయ గింజల్ని గుడ్డలో కట్టి చల్లటి నీళ్ళలో పిసికితే, ఆ నీళ్ళు వాటంతటవే పేరుకుంటాయి. పొయ్యి అక్కర్లేదు, జెలటిన్ అక్కర్లేదు. నిమ్మరసం, తేనె పోసి ఇస్తారు. వేసవి మధ్యాహ్నం మామిడి ఐస్ తర్వాత దీన్ని మించింది లేదు. మామిడి కోసమైతే మే నుంచి ఆగస్టు లోపు రండి, ఆ తర్వాత ఫ్రిజ్ ముక్కలే.

యీలాన్ వైపు వెళ్తే వేరుశనగ ఐస్‌క్రీం చుట్ట తినండి. పెద్ద వేరుశనగ చిక్కీ దిమ్మని వడ్రంగి చిత్రికతో గీకి, ఆ పొడి పల్చటి రొట్టె మీద పరిచి, చేమదుంప ఐస్‌క్రీం పెట్టి, పైన కొత్తిమీర వేసి చుడతారు. ఐస్‌క్రీంలో కొత్తిమీరేంటని తీసేయమనకండి.

నైట్ మార్కెట్‌లో చిల్లర నోట్లు ఉంచుకోండి, కార్డు ఎక్కువ చోట్ల నడవదు. టిప్పు ఇవ్వక్కర్లేదు, పెద్ద రెస్టారెంట్లలో 10 శాతం సర్వీస్ చార్జి బిల్లులోనే వేస్తారు. చెత్తబుట్టలు దొరకవు కాబట్టి ఒక సంచి జేబులో పెట్టుకోండి. తైపే మెట్రో అర్ధరాత్రి దాకా నడుస్తుంది. లోపలికి వెళ్ళేముందే చేతిలో టీ పూర్తి చేసేయండి. మెట్రోలో తినడం, తాగడం రెండూ నిషేధం. మంచినీళ్ళు గుటకేసినా, చూయింగ్ గమ్ నమిలినా 1,500 నుంచి 7,500 డాలర్ల దాకా ఫైన్ పడొచ్చు.